గోళ్ళరంగు టీచరమ్మ

నీళ్ళ మీద గోళ్ళరంగు చుక్కలు వేసి, ఆ తేలే రంగును కొబ్బరి చిప్పలకీ మట్టి ప్రమిదలకీ ఎక్కించడం నేర్పినందుకు నాకు రెండేళ్ళ పాటు జీతమిచ్చారు. అంతకు ముందు ఇరవై ఏళ్ళు వైరు బుట్టలూ ఎంబ్రాయిడరీ నేర్పాను. అప్పుడు నన్నెవరూ పట్టించుకోలేదు. ఈ రంగు చేత పట్టాక మాత్రం అమలాపురం కూరగాయల బజారులో కూడా "గోళ్ళరంగు టీచరమ్మ వచ్చేరండీ" అనేవారు. మా చర్చిలో ఒక పెద్దాయన, "బీయస్సీ చదివింది గోళ్ళకి రంగులేసుకోడానికేనా సుగుణమ్మా?" అని నలుగురిలో అడిగారు. మరుసటి ఏడు క్రిస్మస్‌కి చర్చి అలంకరణకి మా చిప్పలే కావాలని కబురు పెట్టింది కూడా ఆయనే. అదీ డబ్బులివ్వకుండా, ఊరికే.

ఈ మధ్య మహిళా శిక్షణ కేంద్రాల్లో కొత్తగా చేరిన అమ్మాయిలు ఇద్దరు మా ఇంటికి వచ్చి, "మీ అనుభవం మాకు చెప్పండి మేడం" అన్నారు. నేను గొంతు సవరించుకునే లోపు టీ తాగి, నాతో ఫోటో దిగి, బస్సు టైమయిందని వెళ్ళిపోయారు. అందుకని రాస్తున్నాను. కాగితాన్ని సగం చదివి వెళ్ళిపోవడం కష్టమేమీ కాదు గానీ, అది కనీసం నాకు కనిపించదు.

ముందు నీళ్ళ సంగతి

ఈ పని మా కేంద్రానికి తెచ్చింది నేను కాదు, కరుణ. రాజోలు అవతల గోదావరి లంక ఊళ్ళోంచి రెండేళ్ళ కోర్సుకి వచ్చే ట్రైనీ. పదో తరగతి పాసై, పెళ్ళయి, పిల్లల్ని బడికి పంపి బస్సెక్కి వచ్చేది. ఒకరోజు ఫోనులో వీడియో చూపించింది. ప్లాస్టిక్ గిన్నెలో నీళ్ళు. వాటి మీద ఎర్రటి చుక్క పడగానే పల్చగా, వలయంలా పరుచుకుంది. దాని మధ్యలో తెల్ల చుక్క, మళ్ళీ ఎర్ర చుక్క. పళ్ళు కుట్టుకునే పుల్లతో వలయాలని అటూ ఇటూ లాగితే పువ్వయింది. అందులో కప్పు ముంచి తీస్తే ఆ పువ్వు కప్పుకి అతుక్కుని వచ్చేసింది.

"ఇదేం పనమ్మా, పిల్లలాట" అని నవ్వాను.

"పిల్లలాటే టీచరుగారండీ. మరి మనం ఓసారి ఆడి చూద్దామాండీ?" అంది కరుణ.

వారం రోజులు ఆడాం. ఒక్క చుక్క పరుచుకుంటే ఒట్టు. మా కేంద్రంలో బోరు నీళ్ళు. గిన్నెలో పోసిన కాసేపటికి పైన తుప్పు తెట్టు కడుతుంది. ఆ తెట్టు మీద రంగు ఉండలా కూర్చుంటుంది. నేనేమో చల్లటి నీళ్ళయితే బాగుంటుందని ఫ్రిజ్ నీళ్ళు తెప్పించాను. రంగు పడీ పడగానే బిగుసుకుపోయింది. గోరువెచ్చనివి పోశాను. పుల్ల తీసేలోపు ఆరిపోయింది. చివరికి కరుణ వాళ్ళింటి దగ్గర వడకట్టిన మంచినీళ్ళు సీసాతో తెచ్చి, పొద్దున్నే గిన్నెలో పోసి మూతపెట్టి వదిలేసింది. పది గంటలకి చుక్క వేస్తే చక్కగా పరుచుకుంది. గది ఎంత చల్లగా ఉందో నీళ్ళూ అంతే చల్లగా ఉండాలి, అంతే. ఈ ఒక్క ముక్క తెలియడానికి నా డిగ్రీ ఏమీ పనికిరాలేదు.

చుక్కని ఎత్తునుంచి వదిలితే మునిగిపోతుంది. బ్రష్షు నీటికి దాదాపు ఆనేంత కిందకి దించి వదలాలి. వస్తువు తీసేముందు నీటి మీద మిగిలిన రంగుపొరని పుల్లతో చుట్టేసుకోవాలి. లేకపోతే తీసేటప్పుడు అది కూడా వచ్చి అతుక్కుని, నెమలి వెయ్యబోతే కాకి అవుతుంది. మేం చాలా కాకులు వేశాం.

స్టోరు రూము, పెరుగు గిన్నె

మా సూపరింటెండెంటు వీరభద్రంగారు మర్యాదస్తుడు. "అండీ" లేకుండా ఆయన నోట మాట బయటికి రాదు. తప్పుడు పని చేయించేటప్పుడు ఇంకో రెండు అండీలు ఎక్కువ పెడతారు.

కొన్న ప్రతి వస్తువూ స్టోరులో ఉండాలనేది ఆయన నియమం. స్టోరంటే డాబా మీద రేకుల గది. ఎండాకాలం అందులో ఒక పూట అప్పడాలు పెడితే నూనె లేకుండా వేగిపోతాయి. అందులో రెండు పెట్టెల గోళ్ళరంగు పెట్టారు. నెల తిరిగేసరికి సీసాల్లో అడుగున రంగు, పైన నూనెలాంటి నీరు విడివిడిగా తేలాయి. కొన్ని బెల్లం పాకంలా సాగాయి. మూతలు రాలేదు.

"సార్, రంగు చిక్కబడిపోతోందండీ. కింద నా బీరువాలో పెట్టుకుంటానండీ" అన్నాను.

"అబ్బెబ్బే, స్టోరు వస్తువు స్టోరులోనే ఉండాలండీ. చిక్కబడితే కాస్త కొబ్బరినూనె కలపండమ్మా. కోనసీమలో ఉండి కొబ్బరినూనె గురించి మీకు నేను చెప్పాలాండీ?"

ఆయన్ని చూసి నవ్వుకున్నాను. ఆ నవ్వు మర్నాటి వరకే. మర్నాడు నేను చేసింది అంతకంటే ఘనకార్యం. గోళ్ళరంగు చెరిపే మందు ప్రతి సీసాలోనూ కొంచెం కొంచెం పోశాను. సీసాలో చూస్తే పల్చగా, నిగనిగలాడుతూ ఎంత బాగుందో. నీళ్ళ మీద వేస్తే ముక్కలు ముక్కలుగా విరిగిపోయింది. చెరిపే మందు చెరుపుతుంది కదా! కెమిస్ట్రీ చదివినదాన్ని, ఆ మాత్రం తెలియదా అంటే, తెలుసు. తొందరలో తెలిసినదాన్ని వాడుకోలేదు. ఒక పెట్టె మొత్తం పోయింది.

ట్రైనీలంతా నా వైపు చూస్తున్నారు. "ఇవాళ నీళ్ళు బాగా లేవమ్మా" అన్నాను.

"నీళ్ళు నిన్నటివేనండి టీచరుగారూ" అంది కరుణ. మర్యాదగానే అంది. నేను వినపడనట్టు గిన్నెలో నీళ్ళు పారబోశాను.

చిక్కబడ్డ రంగుకి దాని కోసం అమ్మే థిన్నరే వెయ్యాలి, అదీ రెండు మూడు చుక్కలు. వేసి సీసాని ఊపకూడదు. ఊపితే బుడగలొస్తాయి. అరచేతుల మధ్య పెట్టుకుని నెమ్మదిగా దొర్లించాలి. అప్పటికీ సాగుతుంటే దాన్ని వదిలేయండి. మెరుపు పొడి ఉన్న రంగులు ఈ పనికి కొనకండి. షాపువాళ్ళు అవే ముందు చూపిస్తారు.

ఇంక సీసాలు ఎక్కడ పెట్టాలన్న గొడవ. వీరభద్రంగారిని మళ్ళీ అడగలేదు. పైనుంచి తెచ్చి స్టాఫ్ రూము ఫ్రిజ్‌లో పెట్టాను. అదీ తెలివితక్కువ పనే, సగం సీసాలకి మూతలు సరిగా పడలేదు. మధ్యాహ్నం ఆయన పెరుగన్నం తినబోయి, మొదటి ముద్దకే ఆగిపోయారు.

"సుగుణమ్మగారూ, ఈ పెరుగు వాసనేంటండీ? బ్యూటీ పార్లర్లో తోడు పెట్టినట్టుందేంటండీ?"

చెప్పాను. ఆ సాయంత్రమే సీసాలన్నీ నా బీరువాలోకి దిగాయి. నా సర్వీసులో ఆయన మీద గెలిచింది అదొక్కసారే. గెలిచింది కూడా నేను కాదు, పెరుగు.

బీరువా ఎండ తగలని గోడకి ఉండాలి. సీసాలు నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే మూత అంటుకుపోతుంది. వాడిన ప్రతిసారీ సీసా మెడ గుడ్డతో తుడవాలి. మెడ తుడవని అమ్మాయి ఎంత అందమైన పువ్వు వేసినా నేను మెచ్చుకోలేదు. కొంతమంది నన్ను రాక్షసి అనుకున్నారు. వాళ్ళ సీసాలు ఇప్పటికీ తెరుచుకుంటున్నాయో లేదో వాళ్ళనే అడగండి.

గాలి, దోమల చక్రం

ఫ్యాను వేస్తే నీటి మీద రంగు ఆరిపోతుంది. ఫ్యాను ఆపి తలుపులు మూస్తే ఆ వాసనకి గంటలో తలపోటు. మొదట్లో తలుపులు మూసే నేర్పాను. ఒక గర్భిణి అమ్మాయి బల్ల మీద తలపెట్టి పడుకుండిపోయాక గానీ నాకు బుద్ధి రాలేదు. అప్పట్నుంచీ క్లాసు వరండాలోకి మార్చాను. గిన్నెకి మూడు వైపులా అట్టపెట్టె ముక్క నిలబెడితే గాలి రంగుకి తగలదు, మనుషులకి తగులుతుంది. గర్భంతో ఉన్నవాళ్ళకి ఆ క్లాసు బదులు కుట్టుపని ఇచ్చాను.

వరండాకి మార్చగానే దోమలొచ్చాయి. అటెండరు చేత వీరభద్రంగారు బల్ల కింద దోమల చక్రం వెలిగించి పెట్టించారు. రంగు సీసాల కింద నిప్పు! తీసి బయట పారేశాను.

"దోమ కుడితే మలేరియా వస్తుందండీ. మీ రంగు వల్ల ఏమొస్తుందండీ?" అని కేకలేశారు.

"మంటొస్తుందండీ" అన్నాను.

ఆ రోజు ఇంటికెళ్ళి, ఎండిపోయిన రంగుపొర ముక్క ఒకటి పెరట్లో పెట్టి అగ్గిపుల్ల గీశాను. కర్పూరంలా భగ్గుమంది. ఎండాక కూడా మండుతుందని అప్పుడు కళ్ళతో చూశాను. మర్నాటి నుంచి క్లాసులో ఇసుక బకెట్టు పెట్టాను. "ఇక్కడ వేసినవి చూడ్డానికే, వెలిగించడానికి కాదు, తినడానికీ తాగడానికీ కాదు" అని ప్రతి బ్యాచికీ మొదటి రోజే చెప్పేదాన్ని. చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

జ్యోతి ప్రజ్వలన

జిల్లా ఆఫీసు నుంచి పెద్ద మేడం వస్తున్నారన్నారు. ప్రభుత్వ సభ ఏదైనా జ్యోతి ప్రజ్వలనతో మొదలవ్వాలి. వీరభద్రంగారికి ఒక ఆలోచన వచ్చింది. ఎప్పుడూ ఉండే ఇత్తడి దీపపు కుంది కాకుండా, మన అమ్మాయిలు రంగులెక్కించిన ప్రమిదలు మేడం చేత వెలిగించాలి.

"అవి వెలిగించేవి కావండీ సార్. అలంకారానికండీ."

"ప్రమిదని వెలిగించక ఏం చేస్తారండీ?"

"ఎండిన రంగు కూడా మండుద్దండీ. నేను చూశానండీ."

"మీ సైన్సు మీ దగ్గరుంచుకోండమ్మా. వచ్చేది పెద్ద మేడం అండీ. నా పరువు మీ చేతుల్లో ఉందండీ."

అండీలు పెరిగాయి కాబట్టి నాకు అర్థమవ్వాల్సింది. అయినా రాజీకి వచ్చాను. ప్రమిదల బయట, కింద సగానికి మాత్రమే రంగు వెయ్యాలని, లోపలికీ అంచుకీ రాకూడదని ఒప్పందం. అదీ తప్పే. నిప్పుతో బేరాలేమిటి? కానీ నా రిటైర్మెంటు దగ్గర్లో ఉంది, ఆయన మొహం ముడుచుకుంటే వారం రోజులు ఆఫీసంతా ముడుచుకుంటుంది. సగం ప్రమిదతో సరిపెట్టుకున్నాను.

ముందురోజు మధ్యాహ్నం నేను హాల్లో కుర్చీలు సర్దిస్తున్నాను. కరుణ వచ్చింది.

"టీచరుగారండీ, సారు పైనుంచి ఫోటో తీసి చూసుకున్నారండీ. లోపలంతా మట్టిరంగు కనపడతందంటండీ. లోపల కూడా రంగెయ్యమంటున్నారు. మీరు వద్దన్నారు కదండీ. ఏం చెయ్యమంటారు?"

"ఆయన చెప్పినట్టు చెయ్యమ్మా" అన్నాను. కుర్చీల మీంచి తల కూడా ఎత్తలేదు.

కరుణ "ఆయ్, అలాగేనండీ" అని వెళ్ళిపోయింది.

మర్నాడు బల్ల మీద రంగు కాగితం పరిచి, దాని మీద ప్రమిదలు పెట్టారు. పక్కనే ప్రదర్శన కోసం నీళ్ళ గిన్నె, అందులో ఎరుపూ బంగారు రంగూ వలయాలు. నూనె ఒలికితే కాగితం పాడవుతుందని అడుగుకి మాత్రమే పోశారు. పెద్ద మేడం మొదటి ప్రమిద వెలిగించి, ఫోటోకి నవ్వి, రెండోది వెలిగించారు. అప్పటికి మొదటి దాంట్లో వత్తి మంట పక్కగోడకి తగిలింది. లోపలి రంగు అంటుకుని, మంట గుండ్రంగా అంచు వరకూ లేచింది. నల్లటి పొగ. ప్రమిద చుట్టూ కాగితం ముడుచుకోసాగింది. మేడం వెనక్కి గెంతారు. వీరభద్రంగారు మేడం వెనక్కి గెంతారు.

పళ్ళెం పట్టుకుని నిలబడ్డ కరుణ ఆ మండే ప్రమిదని ఉత్త చేత్తో పట్టుకుని కింద గచ్చు మీద పడేసింది. కాలిన చెయ్యిని దగ్గర్లో ఉన్న నీళ్ళలో పెట్టింది. దగ్గర్లో ఉన్నవి ఆ రంగు నీళ్ళు. నా ఇసుక బకెట్టు క్లాసులో ఉంది, హాల్లో లేదు. నేను పరిగెత్తి తెచ్చి పోసేసరికి కాగితం సగం బూడిదైంది. మిగతా ప్రమిదలు అటెండరు దూరంగా లాగేశాడు. కరుణ వేళ్ళకి కాలిన చోటల్లా ఎర్ర రంగూ బంగారు రంగూ అతుక్కుపోయాయి. కాలిన చర్మం సంగతి చూడ్డానికంటే ఆ రంగు తియ్యడానికే ఎక్కువసేపు పట్టిందని తరవాత డాక్టరు చెప్పారు.

"వీటి లోపల రంగు ఎవరేశారు?" అని పెద్ద మేడం అడిగారు.

"ట్రైనీ అండీ మేడం. మా ఇన్‌స్ట్రక్టరుగారు వద్దని చెప్పినా వినలేదండీ" అన్నారు వీరభద్రంగారు. నా వైపు తిరిగి, "ఏం సుగుణమ్మగారూ?" అన్నారు.

నేను తల ఊపలేదు. ఊపలేదని మూడు రోజులు నాకు నేనే చెప్పుకుని మురిశాను. కానీ కాదని కూడా అనలేదు. కరుణ తన కాలిన చెయ్యి పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది.

"జాగ్రత్తగా ఉండాలమ్మా" అని పెద్ద మేడం కరుణకి చెప్పి, పక్క గదిలోకి వెళ్ళారు. అక్కడ ఆత్రేయపురం పూతరేకులు పెట్టారు. బాగున్నాయన్నారట.

బొండం నీళ్ళు

కరుణ సర్టిఫికెట్టు ఆపేశారు. క్రమశిక్షణ లేదని రాశారు. నాలుగో రోజు నేను రాజోలు బస్సెక్కి, అక్కణ్ణించి ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాను.

కరుణ భర్త కొబ్బరి చెట్లెక్కి కాయల దింపు తీస్తాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రండి టీచరుగారు, కూర్చోండి. ఎండలో వచ్చేరు. బొండం కొడతానండీ" అని కత్తి తీసుకున్నాడు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

కరుణ అరుగు మీద కూర్చుంది. చేతికి కట్టు.

"ఎలా ఉందమ్మా?" అన్నాను.

"తగ్గుద్దంటన్నారండీ." కట్టు సర్దుకుని, "మీరు అక్కడే ఉన్నారు కదండీ" అంది.

"ఉన్నాను."

"సారు అన్నది విన్నారు కదండీ."

"విన్నాను."

"బొండం తాగండి. దూరం నుంచొచ్చేరు" అంది. ఆ నీళ్ళు ఎలా తాగానో నాకే తెలియదు.

మర్నాడు రెండు వాక్యాలు రాసి వీరభద్రంగారి బల్ల మీద పెట్టాను. లోపల రంగు వెయ్యమన్నది సూపరింటెండెంటుగారు. ట్రైనీ వచ్చి అడిగితే వెయ్యమన్నది నేను.

ఆయన చదివి, కళ్ళజోడు తీసి, చాలా నెమ్మదిగా అన్నారు. "ఎందుకండీ ఇదంతా? ఆ అమ్మాయికి ఉద్యోగమా, ప్రమోషనా? పోయేదేముందండీ?"

"వేళ్ళండీ" అన్నాను.

విచారణకి ఒకాయన వచ్చారు. రెండు రోజులు కూర్చుని, కిటికీలోంచి వచ్చిన గాలి వల్ల మంట లేచిందని తేల్చారు. గాలికి మెమో ఇవ్వడం కుదరదు కాబట్టి నాకిచ్చారు. ఏడాది పాటు క్లాసు తీసేసి, పాడైపోయిన కుట్టుమిషన్ల గదిలో కూర్చోబెట్టారు. వీరభద్రంగారికి కాకినాడలో పెద్ద ఆఫీసు దొరికింది. శాలువా కప్పి పంపించాం. చప్పట్లు నేనూ కొట్టాను, అలవాటు మీద. కరుణ సర్టిఫికెట్టు మాత్రం విడుదలయింది. వచ్చి, ఎడం చేత్తో సంతకం పెట్టి తీసుకుని, నా గది ముందు నుంచే వెళ్ళిపోయింది. లోపలికి చూడలేదు.

కొత్తపేటలో

రిటైరయ్యాక ఒకరోజు కొత్తపేటలో పని ఉండి వెళ్ళాను. కరుణ అక్కడ గది అద్దెకి తీసుకుని ఆడపిల్లలకి ఈ పనే నేర్పుతోందని విన్నాను. వెళ్ళాలా వద్దా అని వీధి చివర కాసేపు నిలబడి, వెళ్ళాను.

వరండాలో క్లాసు. గిన్నెల చుట్టూ అట్టముక్కలు. మూల ఇసుక బకెట్టు, దాని పక్కనే మూతపెట్టిన మంచినీళ్ళ బకెట్టు. కరుణ కుడిచేతి రెండు వేళ్ళు పూర్తిగా ముడవడం లేదు. పుల్లని బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య పట్టుకుని పువ్వు గీస్తోంది. నా పువ్వుల కంటే బాగుంది.

నన్ను చూసి లేచింది. "రండి టీచరుగారు" అని కుర్చీ వేసి, పిల్లల వైపు తిరిగింది.

"ఈవిడ సుగుణ టీచరుగారు. ఈ పనిలో నాకొచ్చిందంతా ఈవిడ క్లాసులోనే వచ్చింది. ఆ రోజు ప్రమిద లోపల రంగెయ్యమన్నదీ ఈవిడే. ఆ సంగతి ఆవిడనే చెప్పమందాం."

కోపంగా అనలేదు. నన్ను ఇరికించాలనీ అనలేదు. పాఠంలో అదొక భాగం అన్నట్టు చెప్పి, పక్కకి జరిగి కూర్చుంది. పిల్లలు పుల్లలు కింద పెట్టి నా వైపు చూశారు.

చెప్పాను. కుర్చీలతో మొదలుపెట్టి, నాకు బుద్ధి రావడానికి నాలుగు రోజులు పట్టిన సంగతి వరకూ, ఏదీ దాచకుండా చెప్పాను. అయిపోయాక ముందు వరసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

"మండుద్దని మీకు ముందే తెలుసు కదండీ. మరి మా టీచరుగారు వచ్చి అడిగినప్పుడు వద్దని ఎందుకు చెప్పలేదండీ?"

చెప్పడానికి పెద్ద కారణం ఏదైనా ఉందా అని వెతుక్కున్నాను. లేదు.

"ఆయన మొహం ముడుచుకుంటారని" అన్నాను.

పిల్లలందరూ ఒక్కసారి ఫక్కున నవ్వారు. కరుణ నవ్వలేదు. అప్పటికి నాకూ నవ్వొచ్చింది గానీ, నవ్వే హక్కు వాళ్ళదనిపించి ఊరుకున్నాను.